స్ప్లిట్ ఏసీ పని వస్తే దుబాయ్‌లో సరిపోతుందా?

"ఐటీఐలో ఏసీ ట్రేడ్ చేశాను, జగిత్యాలలో స్ప్లిట్‌లు బిగిస్తున్నాను. దుబాయ్ వస్తే పని దొరుకుతుందా అన్నా?" ఊరి నుంచి వచ్చే ఫోన్లలో ఈ ప్రశ్న మామూలే. పని దొరుకుతుంది తమ్ముడూ. వేసవిలో ఏసీ లేకుండా ఇక్కడ ఎవరూ ఉండలేరు. కాకపోతే నీకొచ్చిన పనికీ, ఇక్కడున్న పనికీ సగమే పొత్తు. ఆ రెండో సగం రాకపోతే వీసా మీద టెక్నీషియన్ అని ఉన్నా నిచ్చెన పట్టుకుని నిలబడాల్సిందే.

పెద్ద టవర్లలో చాలావాటికి చల్లని నీళ్లు వేరే ప్లాంటు నుంచి పైపుల్లో వస్తాయి. ఫ్లాటు ఫాల్స్ సీలింగ్ పైన ఉండేది ఎఫ్‌సీయూ (ఫ్యాన్ కాయిల్ యూనిట్) ఒక్కటే: ఫ్యాన్ మోటారు, కాయిల్, వాల్వు, డ్రెయిన్ ట్రే. కంప్రెసర్ లేదు, గ్యాస్ లేదు. "చల్లగా రావట్లేదు" అని కంప్లైంట్ వస్తే ఫిల్టర్ చూడాలి, థర్మోస్టాట్ నుంచి వాల్వుకు కరెంటు వెళ్తోందా చూడాలి, నీళ్ల పైపులో ఉండే జల్లెడ, అంటే స్ట్రెయినర్‌లో చెత్త పట్టిందేమో చూడాలి. సీలింగ్ నుంచి నీళ్లు కారుతున్నాయంటే ముందు డ్రెయిన్ లైన్ చూడు, ఎక్కువసార్లు అదే. విల్లాల్లో డక్ట్ స్ప్లిట్‌లు (చల్లగాలిని గొట్టాల్లో గదులకు పంపేవి), షాపుల పైకప్పుల మీద ప్యాకేజ్ యూనిట్లు (అన్నీ ఒకే పెట్టెలో ఉండేవి) ఉంటాయి. వీటిలో గ్యాస్ ఉంటుంది, పెద్దవాటికి త్రీ ఫేజ్ కరెంటు కూడా. అందుకే గ్యాస్ ప్రెషర్ చూసే గేజ్ కంటే ముందు కరెంటు కొలిచే మీటర్ పట్టడం నేర్చుకో. వైరింగ్ డయాగ్రమ్ చదివి కాంటాక్టరు, ఓవర్‌లోడ్, కెపాసిటర్ లాంటి కరెంటు భాగాలు చెక్ చేయగలిగినవాడికే ఇక్కడ విలువ.

మనవాళ్లకు ఒక పాడు అలవాటు ఉంది, కూలింగ్ తగ్గితే చాలు గ్యాస్ కొట్టేస్తారు. ఇక్కడ ఇసుక దుమ్ము కండెన్సర్‌కు (వేడిని బయటికి వదిలే కాయిల్‌కు) పట్టి వేడి బయటికి పోదు, ప్రెషర్ పెరిగి కంప్రెసర్ ట్రిప్ అవుతుంది. దానికి కాయిల్ కడగాలి. దాని మీద ఇంకా గ్యాస్ ఎక్కిస్తే ప్రెషర్ మరింత పెరుగుతుంది. ఊళ్లో కొత్త స్ప్లిట్‌లలో ఆర్32 గ్యాస్ చూసి ఉంటావు, ఇక్కడి పాత యూనిట్లలో ఆర్22, ఆర్410ఏ ఇంకా తగులుతాయి. ఆర్410ఏ ప్రెషర్ ఆర్22 కంటే దాదాపు 60 శాతం ఎక్కువ కాబట్టి పాత గేజ్‌లు పనికిరావు. అది రెండు గ్యాసుల మిశ్రమం, తూకం వేసి లిక్విడ్‌గానే ఎక్కించాలి. లీక్ టెస్టుకు నైట్రోజన్ తప్ప వేరేది వద్దు. నైట్రోజన్ లేదని ఆక్సిజన్ పెట్టమని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్. లోపలున్న ఆయిల్‌తో అది పేలుతుంది.

జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా నేరుగా ఎండలో పని చేయించకూడదని యూఏఈలో రూలుంది. కొన్ని అత్యవసర పనులకు మినహాయింపు ఉంది గానీ, అప్పుడు కూడా నీడ, నీళ్లు కంపెనీయే ఏర్పాటు చేయాలి. సిగ్గుపడకుండా అడుగు.

ఇక జీతం. "మొత్తం ఇంత" అని ఏజెంటు చెప్పే అంకె చూసి మురిసిపోకు, ఆఫర్ లెటర్లో బేసిక్ (అలవెన్సులు కలపని అసలు జీతం) ఎంతో చూడు. ఓవర్‌టైమ్ లెక్క బేసిక్ మీదే: పగలు 25 శాతం అదనం, రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 లోపు అయితే 50 శాతం. ఉద్యోగం మానేసేటప్పుడు చివర్లో వచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం. బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచితే నష్టం నీకే. డిజిగ్నేషన్ హెల్పర్ అని ఉంటే "వచ్చాక మార్పిస్తాం" అన్న మాట నమ్మి సంతకం పెట్టొద్దు.

వీసా ఖర్చు, రిక్రూట్‌మెంట్ ఖర్చు పనివాడి నుంచి వసూలు చేయకూడదని ఇక్కడి చట్టం. మన దేశంలో రిజిస్టరైన ఏజెంటు సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ దాటకూడదు. లక్షలు అడిగేవాడు ఎంత దగ్గరి బంధువైనా వదిలెయ్. నువ్వు టెన్త్ పాసయ్యావు కాబట్టి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి విదేశం వెళ్లేముందు మన గవర్నమెంటు ఇచ్చే అనుమతి) అక్కర్లేదు. ఏజెంట్లు ఆడుకునేది సరిగ్గా అక్కడే, విజిట్ వీసా మీద ఎక్కించేస్తారు. వీసా గడువు దాటితే ఖల్లివల్లి (కాగితాలు లేకుండా ఉండేవాడు) అయిపోతావు, జీతం ఇవ్వకపోయినా అడగడానికి భయమేస్తుంది. ఏజెంటు పేరు మన గవర్నమెంటు ఈమైగ్రేట్ సైటులో ఉందో లేదో చూసుకో. ఇక్కడికి వచ్చాక పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకోవడం కూడా చట్టవిరుద్ధమే.

బయల్దేరే ముందు హైదరాబాద్‌లో ఏ ఆసుపత్రిలోనో, ఐటీ ఆఫీసులోనో చిల్లర్ ప్లాంటు (నీళ్లను చల్లబరిచే ప్లాంటు) చూసే కాంట్రాక్టరు దగ్గర కొన్ని నెలలు చెయ్, జీతం తక్కువైనా సరే. హిందీ బాగా పట్టుకో. చేసిన పని రాసే జాబ్ కార్డు మీద ఇంగ్లిష్‌లో రెండు లైన్లు రాయడం రావాలి. టూల్స్ మొయ్యకు, అవి కంపెనీ ఇస్తుంది. చేతికి అలవాటైన క్లాంప్ మీటర్ ఒక్కటి లగేజీలో వేసుకో. గ్యాస్ టార్చ్ డబ్బాను మాత్రం విమానం ఎక్కనివ్వరు.