పబ్లిక్ లైబ్రరీ ఉద్యోగంలో ఎంతవరకు ఎదగొచ్చు?

లైబ్రరీ సైన్స్ చదివి జిల్లా గ్రంథాలయ సంస్థలో చేరితే పైకి వచ్చే దారి ఉంటుందా అని అడిగారు. ప్రమోషన్ల సంగతి ఆఫీసులో ఎవరైనా చెబుతారు. శాఖా గ్రంథాలయాల్లోనే పనిచేసి రిటైరైన మనిషిగా నేను చెప్పేది వేరు. ఈ రంగంలో జనం తలుచుకునే పెద్దలెవరూ సీనియారిటీ లిస్టులోంచి రాలేదు.

పాతూరి నాగభూషణం గారు 1935లో పడవలో పుస్తకాలు పెట్టి కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవ వెంట ఊరూరా తిప్పించారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం కోసం నడుం కట్టింది 1914లో. పద్మశ్రీ వచ్చింది 1972లో. ఆ మధ్యకాలం ఎంతో లెక్కేసుకోండి.

నేను చేరిన కొత్తలో మా శాఖలో బీరువాలన్నిటికీ తాళాలే. పుస్తకం పోతే స్టాక్ వెరిఫికేషన్‌లో దాని ఖరీదు జీతంలోంచి కోస్తారని అందరికీ భయం. అలాంటి చోటికి బదిలీ మీద ఒక సీనియర్ మేడమ్ వచ్చారు. వస్తూనే తాళాలు తీయించారు. మగవాళ్లు పేపర్లు చదువుకునే హాల్లోకి ఆడవాళ్లు అడుగుపెట్టడం లేదని గమనించి, సంచిలో నవలలూ ఇష్యూ రిజిస్టరూ వేసుకుని డ్వాక్రా మీటింగులకు తనే వెళ్లేవారు. మిషను కుట్టే ఒకావిడ డిపాజిట్ కట్టాలనగానే పుస్తకం వెనక్కిచ్చేయబోయింది. మేడమ్ తన పర్సులోంచి డబ్బు తీసి కట్టి, ఆవిడ పేరు మీదే రసీదు రాయించారు. తర్వాతి వారం ఆవిడ ఆ పుస్తకానికి పాత క్యాలెండరు కాయితంతో అట్ట వేసి మరీ తెచ్చింది. "దీని రెండో భాగం ఉందా అమ్మా?" అని అడిగింది. ఆ మేడమ్‌కి ఏ అవార్డూ రాలేదు. నేను చూసిన గ్రంథాలయ నాయకురాలు మాత్రం ఆవిడే.

గ్రంథాలయాలకు డబ్బుల్లేవంటారు. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం కదా! మా మున్సిపాలిటీ ఆ సొమ్ము వసూలు చేసుకుని, సంస్థకు జమ చేయకుండా ఏళ్లకేళ్లు తన దగ్గరే ఉంచుకుంది. గ్రూప్స్‌కి చదివే పిల్లలేమో కుర్చీల్లేక మెట్ల మీద కూర్చునేవాళ్లు. గ్రంథాలయ సంస్థ చైర్మన్ పదవేమో పార్టీవాళ్లకి బహుమానం. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అయినా చేరండి. నోటిఫికేషన్ వచ్చేలోపు మీ ఊరి శాఖకి రోజూ సాయంత్రం వెళ్లి కూర్చోండి. ఎవరొస్తున్నారు, ఏం అడుగుతున్నారు, ఏది దొరక్క వెనుదిరుగుతున్నారు, రాసుకోండి. అది ఏ కోర్సులోనూ నేర్పరు.