తుంటి బాగైంది, అడుగు ఎందుకు పడట్లేదు?

ప్రశ్న: మా అత్తమ్మకు 66 ఏండ్లు. ఏడు నెలల కింద బాత్రూంలో జారిపడి కుడి తుంటి విరిగింది. తుంటి కీలులోని బంతి మార్చే ఆపరేషన్ అయింది. ఎక్స్‌రే బాగుంది, మామూలుగా నడవొచ్చు అని డాక్టర్ చెప్పి మూడు నెలలైంది. అయినా గోడ పట్టుకోనిదే అర్ర దాటదు. కాళ్లనే చూసుకుంట చిన్న చిన్న అడుగులు వేస్తది, ఎవరన్నా పలకరిస్తే ఆగిపోతది. మేం వెనకాలే ఉండి ‘జాగ్రత్త, చూసి వెయ్యి’ అని చెప్తూనే ఉన్నం. ఏటా పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆడేది, ఈసారి రానంటోంది. లోపం కాలిలోనా, మనసులోనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు ఒంటి సంగతి తేల్చుకోండి. 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. నిలబడ్డాక 1వ నిమిషంలో, 3వ నిమిషంలో మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టర్‌కు చెప్పాలి. నిద్రమాత్రలు, షుగర్‌తో వచ్చే అరికాళ్ల తిమ్మిరి, బి12 లోపం, కంటి శుక్లాలు కూడా అడుగును తడబరుస్తాయి. బైఫోకల్ కళ్లద్దాల కింది భాగంలోంచి చూస్తే నేల మసకబారుతుంది. కుడికాలి మీద బరువు వేసినప్పుడు నడుము ఎడమవైపు కిందికి జారుతుంటే తుంటి పక్క కండరం ఇంకా బలం పుంజుకోలేదన్నమాట, దానికి వేరే వ్యాయామం కావాలి.

మీ ఉత్తరంలో అసలైన మాట ‘పలకరిస్తే ఆగిపోతది’ అన్నది. 1997లో స్వీడన్ పరిశోధకులు సంరక్షణ గృహాల్లోని 58 మంది వృద్ధులతో నడుస్తుండగా మాట కలిపారు. 12 మంది మాట్లాడటానికి నడక ఆపేశారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది పడిపోయారు. మామూలుగా నడక మన ధ్యాసను పెద్దగా అడగదు. పడిన భయం పట్టుకున్నాక మనిషి ప్రతి అడుగునూ ఆలోచించి వేస్తాడు. ఉన్న ధ్యాసంతా కాలికే పోతుంది, మాటకు మిగలదు. పైగా భయంతో కాలి ముందు, వెనక కండరాలు ఒకేసారి బిగుసుకుంటాయి. ఒళ్లు కర్రలా అయి, కొద్దిగా ఊగినా సర్దుకోలేదు. తల వంచడంతో ముందున్నది కనబడదు. ‘చూసి వెయ్యి’ అన్న ప్రతిసారీ ఆ ధ్యాసను మీరే మళ్లీ కాలి మీదికి నెడుతున్నారు. ప్రేమతో అన్నా సరే, ఆ మాట ఈ రోజే మానేయండి.

చేతుల కుర్చీ నుంచి 3 మీటర్ల దూరంలో టేపు అంటించండి. ఆమె లేచి, అక్కడిదాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చునేదాకా ఫోన్‌లో సమయం చూడండి. 13.5 సెకన్లు దాటితే పడే ప్రమాదం ఎక్కువగా ఉన్నట్టు లెక్క. తర్వాత కూరగాయల పేర్లు చెప్తూ నడవమనండి. ఉత్త నడకకు 16, మాటతో 24 అయితే మాట సగం సమయం పెంచినట్టు. వారానికోసారి రెండూ రాసిపెట్టండి.

సాధన పూట 10 నిమిషాల చొప్పున రోజుకు రెండు పూటలు చాలు. గోడల మూలకు వీపు పెట్టి, ముందు కుర్చీ ఉంచి, పాదాలు దగ్గరపెట్టి 30 సెకన్లు నిలబడాలి. చూపు ఎదుటి క్యాలెండర్ మీద ఉండాలి. కుర్చీని గట్టిగా పట్టుకోనియ్యకండి, వేళ్లు ఆనిస్తే చాలు. ఆ ఆనికే ఒళ్లు ఎటు ఊగుతోందో మెదడుకు చెప్తుంది. ఐదు వేళ్ల నుంచి రెండుకు, ఒకటికి, తర్వాత ఏమీ ఆనకుండా.

ఇది కుదిరాక నేల మీద అడ్డంగా టేపు గీతలు వేయండి. ఇప్పటి అడుగు 25 సెంటీమీటర్లయితే 30కి ఒక గీత. సులువైతే వారానికి 5 పెంచండి. ‘మోకాలు ఎత్తు’ అనొద్దు, ‘గీత దాటు’ అనండి. ధ్యాస ఒంటి భాగం మీద కాకుండా బయటి గురి మీద ఉంటే కదలిక సాఫీగా వస్తుంది. గాబ్రియెల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు 1998 నుంచి దీన్ని ప్రయోగాలతో చూపుతూ వచ్చారు.

మాట చివర కలపాలి, అదీ మొదట నిలబడి ఉండగానే. కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాకా స్టేషన్లు చెప్పించండి: ఘన్‌పూర్, రఘునాథపల్లి, జనగామ, ఆలేరు, భువనగిరి... నడకలోకి వచ్చాక ఒక విడత ‘స్టేషన్ తప్పొద్దు’ అని, మరో విడత ‘గీత తప్పొద్దు’ అని గురి మార్చండి. ధ్యాసను అటూ ఇటూ మళ్లించడమే ఇక్కడ నేర్పాల్సిన విద్య. అడుగు తడబడితే మాట తేలిక చేయండి, నడక ఆపించకండి. గడప, మెట్లు, రోడ్డు, తడి నేల మీద మాత్రం ఈ సాధన వద్దు. జబ్బ పట్టి లాగితే తూకం చెడుతుంది. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి, కుడిపక్కన కొంచెం వెనగ్గా ఉండి దాన్ని పట్టుకోండి.

భయాన్నీ కొలవొచ్చు. స్నానం, మెట్లు, బజారు, జనంలో నడక వంటి ఒక్కో పనికి ఎంత భయమో 1 నుంచి 4 దాకా చెప్పమనండి. 2 చెప్పిన పనితో మొదలుపెట్టండి, 4 జోలికి ఇప్పుడే పోవద్దు. బాత్రూం 4 అయితే, నేల ఆరి ఉన్నప్పుడు పట్టుకునే కడ్డీ దగ్గర పగటిపూట ఒక నిమిషం ఊరికే నిలబడి రావడం కూడా సాధనే.

బతుకమ్మ మంచి గురి. అందులో పక్కకు అడుగు, చప్పట్లు, వంగడం, పాట, చుట్టూ జనం అన్నీ ఉన్నాయి. వంటగట్టు పట్టుకుని పక్క అడుగులతో మొదలుపెట్టి, చప్పట్లు, పాట ఒక్కొక్కటే కలపండి. చివర స్టూలు చుట్టూ తిప్పండి. ఎంత వంగొచ్చో ఆపరేషన్ చేసిన డాక్టర్‌ను ముందే అడగండి.

ప్రశ్న: మా నాన్నకు పార్కిన్సన్స్. గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోతాడు. ఆయన కూడా కాళ్లను పట్టించుకోకుండా నడవాలా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఈ జబ్బులో దెబ్బతినేది దానంతట అది సాగే నడకే. అందుకే అడుగు మీద కావాలని ధ్యాస పెట్టడం మేలు చేస్తుంది. గడపకు ముందూ వెనకా ముదురు రంగు టేపు గీతలు వేసి దాటమనండి. ఆగిపోయినప్పుడు లాగొద్దు, తొందరపెట్టొద్దు. పూర్తిగా ఆగి, నిటారుగా నిలబడి, బరువు ఒక కాలి మీదికి మార్చి, రెండో కాలితో పెద్ద అడుగు వెయ్యాలి. ఫోన్‌లో మెట్రోనోమ్‌ను (టిక్ టిక్‌మని లయ వేసే యాప్) ఆయన మామూలు నడక వేగానికి పెట్టినా కొందరికి పనిచేస్తుంది. ఆ సమయంలో మాట కలపకండి, చేతిలో గ్లాసు పెట్టకండి. ఏ గంటకు మందు వేసుకున్నారో, ఏ గంటకు ఆగిపోయారో వారం రోజులు రాసి న్యూరాలజిస్టుకు చూపించండి. మందు ప్రభావం తగ్గే వేళల్లోనే ఎక్కువగా ఆగిపోతుంటే మోతాదు వేళలు మార్చాల్సి రావచ్చు.