అమ్ముడుపోని జెర్సీల ఖరీదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు, ఆటగాళ్ళ జెర్సీల చుట్టూనే తిరిగాయి. అందుచేత మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ నాలుగింటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి సిడ్నీలో ఉద్యోగం చేస్తూ అక్కడి రగ్బీ లీగ్ జట్టు సౌత్ సిడ్నీ రాబిటోజ్‌కు వీరాభిమాని అయ్యాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు నాకు కూడా ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెర్సీ ఒకటి తెచ్చాడు. ఖరీదు 160 ఆస్ట్రేలియా డాలర్లట. పట్టుకుని చూస్తే ఉత్త పాలిస్టర్ బట్ట. అలాంటి చొక్కా బెంగళూరు చిక్‌పేటలో మూడు, నాలుగు వందలకు దొరుకుతుంది. మావాడు మోసపోయాడంటారా?
— మారతహళ్ళి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ అబ్బాయి మోసపోలేదు, మీ లెక్క కూడా తప్పు కాదు. బట్ట మటుకు మీరన్నంత చవకదే. ఒక జెర్సీకి పట్టే పాలిస్టర్ పావుకిలో అటూ ఇటూ ఉంటుంది. దాని మీద రంగు ఎక్కించే పద్ధతిని సబ్లిమేషన్ అంటారు, అది పీణ్యలో అయినా తిరుప్పూరులో అయినా ఒకటే. ముందుగా కాగితం మీద బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిరగేసి ముద్రిస్తారు. అప్పుడు ఆ రంగులు వెలిసిపోయినట్టు ఎంత నీరసంగా ఉంటాయంటే, మొదటిసారి చూసినవారు ముద్రణ చెడిపోయిందనుకుంటారు. ఆ కాగితాన్ని తెల్లటి పాలిస్టర్ మీద పరిచి సుమారు 200 డిగ్రీల వేడిలో ఒక నిమిషం లోపు అదిమితే, రంగు ఆవిరై పాలిస్టర్ పోగులోకి ఇంకుతుంది. కాగితం ఒలిచినప్పుడు కింద నిగనిగలాడే ఎరుపు బయటపడుతుంది. మీ జెర్సీని తిరగేసి చూడండి, లోపలివైపు తెల్లగానో, బాగా పలచటి రంగులోనో ఉంటుంది. చారల అంచున గోరుతో గీరి చూసినా మెట్టు తగలదు, ఎందుకంటే అక్కడ అతికించినది ఏమీ లేదు. అయితే నకిలీ సరుకు చేసేవారి దగ్గరా ఇదే యంత్రం ఉంటుంది కనుక, అసలైన జెర్సీని గుర్తుపట్టడానికి ఈ పరీక్ష పనికిరాదు.

ఇక డబ్బు సంగతి. 160 డాలర్లలో ఆస్ట్రేలియా ప్రభుత్వం తీసుకునే పది శాతం జీఎస్‌టీ కలిసే ఉంటుంది, అది పోతే 145 మిగులుతాయి. అందులో సగం దుకాణం అద్దెకు, జీతాలకు, లాభానికి పోయిందనుకుందాం, తయారీ కంపెనీకి దక్కేది 72 డాలర్ల చిల్లర. ఆ టోకు ధర మీద క్లబ్బుకు, లీగుకు కట్టవలసిన రాయల్టీ పది శాతం అనుకున్నా ఏడు డాలర్లే అవుతుంది. (ఈ సగం, ఈ పది శాతం లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు, ఒప్పందాన్ని బట్టి ఇవి మారుతాయి.) బట్ట, కుట్టుకూలి, ఓడ కిరాయి అన్నీ తీసేసినా ఇంకా చెప్పుకోదగ్గ మొత్తం మిగలాలి కదా, అది ఎవరి జేబులోకి వెళ్తోంది? నా అభిప్రాయంలో అందులో పెద్ద భాగం అమ్ముడుపోని జెర్సీలకు పోతుంది.

అక్కడ లీగ్ పోటీలు మార్చిలో మొదలై అక్టోబరు మొదటివారంలో గ్రాండ్ ఫైనల్‌తో ముగుస్తాయి. ఆ మర్నాటి నుంచి ఆ ఏటి జెర్సీ పాతదైపోతుంది, ఎందుకంటే వచ్చే ఏటికి చారల వెడల్పో, కాలరో, ఛాతీ మీది స్పాన్సరు పేరో మారుతుంది. సొంత మైదానంలో వేసుకునేది ఒకటి, బయటి మైదానానికి ఒకటి, ఆదివాసీ ఆటగాళ్ళ గౌరవార్థం జరిపే రౌండుకు ఒకటి, యుద్ధాల్లో చనిపోయిన సైనికులను తలుచుకునే ఆన్‌జాక్ స్మారక దినానికి ఒకటి, పాత జ్ఞాపకాల పేరుతో మరొకటి. వీటిలో ప్రతిదానికీ మగవారి సైజులు, ఆడవారి సైజులు, పిల్లల సైజులు ఉండాలి. ఏ సైజు ఎన్ని అమ్ముడవుతాయో ఆరేడు నెలల ముందే ఊహించి ఆర్డరు ఇవ్వాలి. జట్టు వరుసగా ఓడిపోయినా, స్పాన్సరు మధ్యలో తప్పుకున్నా, పేరున్న ఆటగాడు మరో క్లబ్బుకు వెళ్ళిపోయినా సరుకు బీరువాలోనే ఉండిపోతుంది. ఆ నష్టాన్ని కంపెనీ ముందుగానే అంచనా వేసి ధరలో కలుపుకుంటుంది. కాబట్టి మీ అబ్బాయి ఒక జెర్సీ కొని, సగం ధరకు కూడా ఎవరూ కొనని మరికొన్నింటికి తన వంతు చెల్లించాడు. సీజను ముగిశాక అక్టోబరు, నవంబరు నెలల్లో కొనమని చెప్పండి, తగ్గింపు ధరకు దొరికే అవకాశం ఉంది.

అంత ధర పెట్టి జనం ఎందుకు కొంటారంటే, ఈ క్లబ్బు విషయంలో దానికి గట్టి కారణమే ఉంది. 1908లో సిడ్నీ పోటీలు మొదలైనప్పటి నుంచీ ఉన్న జట్టు ఇది, ఆ మొదటి ఏడు కప్పు గెలిచినది కూడా ఇదే. వీధుల్లో కుందేలు మాంసం అమ్మేవారి కేక నుంచి ఆ పేరు వచ్చిందని చెబుతారు. జట్ల సంఖ్య తగ్గించాలని లీగ్ నిర్వాహకులు 1999 చివర దీన్ని బయటకు పంపితే, వేలాది జనం ఆ ఎరుపు, ఆకుపచ్చ చొక్కాలే వేసుకుని సిడ్నీ వీధుల్లో ఊరేగింపు తీశారు, కోర్టుకెక్కారు. రెండేళ్ళు ఆడకుండా ఉండి 2002లో మళ్ళీ వచ్చింది. 2006లో నటుడు రస్సెల్ క్రో ఒక వ్యాపారితో కలిసి క్లబ్బులో 75 శాతం వాటా కొన్నాడు. 1971 తరువాత మళ్ళీ కప్పు గెలవడానికి 2014 దాకా ఆగవలసి వచ్చింది. ఆ నలభై మూడేళ్ళూ చొక్కా మార్చకుండా నిలిచినవారి దగ్గర పాలిస్టర్ కిలో ఎంత అని మాట్లాడి లాభం లేదు. మీరు కూడా జెర్సీ వేసుకుని ఫోటో తీయించి అబ్బాయికి పంపండి.

ప్రశ్న: 2025లో టీవీలో చూసిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో మన బెంగళూరు బ్రేవ్‌హార్ట్స్ కూడా ఆడింది. అది కూడా రగ్బీ లీగే కదా? జెర్సీ మీద అంకెలకు అర్థం ఏమిటి?
— జయనగర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కాదండీ. ముంబైలో జరిగి, చెన్నై బుల్స్ గెలిచిన ఆ పోటీ జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ సెవెన్స్. అది జట్టుకు పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్‌కు పొట్టి రూపం. రగ్బీ లీగ్ వేరే ఆట, జట్టుకు పదముగ్గురు. ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో శనివారం ఆటకు వెళ్తే గని కార్మికులకు, మిల్లు కార్మికులకు ఆ పూట కూలి పోయేది. ఆ కూలిని క్లబ్బులు చెల్లించడానికి ఆటను నడిపే పెద్దలు ఒప్పుకోకపోవడంతో 1895లో హడర్స్‌ఫీల్డ్‌లో ఆ ప్రాంతపు క్లబ్బులు విడిపోయి వేరు కుంపటి పెట్టుకున్నాయి. మన బిన్నీ మిల్లు సైరను విని పెరిగినవారికి ఆ తగాదా సులువుగానే అర్థమవుతుంది. లీగ్‌లోనూ, యూనియన్‌లోనూ అంకెలు సాధారణంగా స్థానాన్ని చెబుతాయి. లీగ్‌లో అందరికన్నా వెనక నిలబడే ఫుల్‌బ్యాక్‌ది 1వ నంబరు, యూనియన్‌లో అదే ఆటగాడిది 15. జెర్సీ వీపు మీద 15 చూసి రగ్బీ లీగ్ ఫుల్‌బ్యాక్‌ది అని ఎవరైనా అమ్మజూపితే నవ్వి ఊరుకోండి.

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. బొమ్మనహళ్ళిలో చిన్న ప్రింటింగు, కుట్టు యూనిట్ నడుపుతున్నాను. ఒక గిరాకీ ఆస్ట్రేలియా క్లబ్బు రాబిటోజ్ జెర్సీ ఫోటో పంపి, బ్యాడ్జీతో సహా అచ్చంగా అలాంటివే నలభై కావాలంటున్నారు. అడ్వాన్సు కూడా ఇస్తామంటున్నారు. చేయవచ్చా?
— ఒక సోదరి

జవాబు: వద్దమ్మా. ఎరుపు, ఆకుపచ్చ రంగులతో చారల చొక్కా కుట్టడం వేరు, కుందేలు బొమ్మను, తయారీ కంపెనీ గుర్తును, స్పాన్సరు పేరును దించడం వేరు. రిజిస్టరైన గుర్తును అనుమతి లేకుండా సరుకు మీద వేస్తే, 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 103వ సెక్షను కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. మోసం చేసే ఉద్దేశం లేదని నిరూపించుకునే భారం మీ మీదే పడుతుంది. ఆ క్లబ్బు మన దేశంలో గుర్తు రిజిస్టరు చేయించిందా లేదా అని ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో దుస్తుల తరగతి 25 కింద ఉచితంగా వెతుక్కోవచ్చు. అక్కడ కనబడనంత మాత్రాన దారి తెరుచుకున్నట్టు కాదు. బ్యాడ్జీ ఒక చిత్రం కనుక దానికి కాపీరైట్ ఉంటుంది, బెర్న్ ఒప్పందం వల్ల విదేశీ చిత్రాలకూ మన కోర్టుల్లో రక్షణ ఉంది.

గిరాకీని వదులుకోమని నేను చెప్పడం లేదు. రంగులు అవే ఉంచి, బ్యాడ్జీ స్థానంలో వారి బృందం పేరుతో మీరే ఒక గుర్తు గీయించి చూపించండి. నలభై మందిలో ముప్పై మంది దానికే ఒప్పుకుంటారని నా అనుభవం, ఎందుకంటే సొంత పేరు ఉన్న చొక్కా మీద మనిషికి మమకారం ఎక్కువ.

ప్రశ్న: మా కాలేజీ రగ్బీ జట్టు ప్రయాణ ఖర్చుల కోసం అభిమానులకు జెర్సీలు అమ్మాలనుకుంటున్నాము. ఏ సైజులో ఎన్ని చేయించాలి?
— యలహంక నుంచి ఒక విద్యార్థి

జవాబు: ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళ కిందట ఎవరైనా అడిగి ఉంటే నాకే మేలు జరిగేది. అప్పట్లో ఒక అపార్ట్‌మెంటు సంఘం క్రికెట్ పోటీలకు రెండు వందల టీషర్టులు నా సొంత డబ్బుతో వేయించాను. చిన్న, మధ్య, పెద్ద, మరీ పెద్ద అని నాలుగు సైజులు, ఒక్కొక్కటి యాభై. న్యాయంగా ఉంటుందనుకున్నాను. మరీ పెద్దవి గంటలో అయిపోయాయి, చిన్నవి ముప్పై ఎనిమిది మిగిలాయి. రాత్రి భోజనం వేళకు జిప్పు పడని పొట్టలున్న ఆ సంఘం సభ్యులను ఒకసారి కళ్ళారా చూసి ఉంటే ఆ తప్పు చేసేవాణ్ణి కాదు. పోనీ మరుసటి ఏడు అమ్ముదామంటే ఛాతీ మీద ఏడాది అంకె వేయించి పెట్టాను, పైగా చేతి మీద ఉన్న స్పాన్సరు ఈలోగా దుకాణమే ఎత్తేశాడు. వాటిలో కొన్ని ఇప్పటికీ మా ఇంట్లో స్కూటరు తుడిచే గుడ్డలుగా పనిచేస్తున్నాయి.

కనుక ముందు సరుకు చేయించి తరువాత కొనేవారిని వెతకకండి. ఒక్కొక్క సైజులో నమూనా మాత్రం ఒకటి కుట్టించి, క్యాంటీను దగ్గర బల్ల వేసి కూర్చోండి. వచ్చినవారిని తొడిగి చూసుకోమని, సైజు రాసుకుని, పూర్తి డబ్బు తీసుకుని రసీదు ఇవ్వండి. నోటి మాట మీద ఒక్కటి కూడా రాసుకోవద్దు, మీ సొంత స్నేహితులకు ముఖ్యంగా. వీపు మీద పేరు, అంకె కోరేవారి దగ్గర అదనంగా తీసుకోండి, తిరిగి ఇచ్చేది లేదని ముందే చెప్పండి. ఏడాది అంకె, స్పాన్సరు పేరు బట్టలో ఇంకే ముద్రణలో వద్దు, తప్పనిసరైతే విడిగా చేతి మీద అతికించే స్టిక్కరుగా వేయించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు దుస్తుల మీద జీఎస్‌టీ అయిదు శాతమే. ప్రింటరు ఇచ్చే కొటేషనులో అది కలిసి ఉందో లేదో అడిగి, ఆ తరువాతే మీ అమ్మకం ధర నిర్ణయించండి. చివరి తేదీ దాటాక అడిగేవారు తప్పక వస్తారు. వారి కోసం పది ఎక్కువ వేయించవద్దు, పేర్లు విడిగా రాసుకోండి. ఆ జాబితా మీ ప్రింటరు తీసుకునే కనీస ఆర్డరుకు చేరిన రోజున రెండో విడత పెట్టవచ్చు.