పిల్లలకు నేర్పే పర్యావరణ కార్యక్రమాలు పనిచేస్తున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? వాటికి మనం ఏం సాయం చేయొచ్చు?

నేను నిపుణుణ్ణి కాదు. అనంతపురం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. పద్నాలుగేళ్ళుగా ఎకో క్లబ్ ఇన్‌ఛార్జిని కూడా. బయాలజీ సారుకి అది వద్దన్నా అంటుకుంటుంది.

ఎకో క్లబ్ అంటే 2001-02లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ హరిత దళం కింద బడిలో పర్యావరణ పనులు చేసే పిల్లల సంఘం. బడికి 30 నుంచి 50 మంది పిల్లలు. తొలి రోజుల్లో బడికి ఏడాదికి వెయ్యి రూపాయలు, తర్వాత 2,500, ఆ తర్వాత 5,000. వస్తే వచ్చినట్టు.

మా క్లబ్బు చేసిన ఒకే ఒక్క మంచి పని వాన కొలవడం. ఆ ఆలోచన నాది కాదు. మా జిల్లాలో కొన్ని ఊళ్ళలో రైతులే వాననూ బోర్లలో నీటి మట్టాన్నీ కొలిచి, ఉన్న నీళ్ళకు ఏ పంట సరిపోతుందో లెక్క కట్టుకున్న ప్రాజెక్టు ఒకటి నడిచింది. దాన్ని చూసి, మనమూ చేద్దాం అనిపించింది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మెడ కోసి, తిరగేసి గరాటులా పెట్టాం. అడుగున గుంటలుంటాయి కదా, అవి మునిగేదాకా గులకరాళ్ళు వేసి నీళ్ళు పోసి, అక్కడ సున్నా గీత గీసి స్కేలు అంటించాం. వాతావరణ శాఖ వాళ్ళు పొద్దున 8:30కి చూస్తారు, మేమూ అదే టైముకి. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు పడే చోట ఆ నోటుబుక్కులో ఎక్కువగా సున్నాలే ఉంటాయి.

ఒక ఏడాది కార్యక్రమాలను మదింపు చేయడానికి ఒక సంస్థ నుంచి కుర్రాడొకడు వస్తున్నాడని కబురొచ్చింది. నాకు టెన్షన్. ఆదివారాలు, దసరా సెలవులు అన్నీ రిజిస్టరులో ఖాళీలే. ముందు రోజు రాత్రి కూర్చుని ఖాళీలన్నిటిలో సున్నాలు పెట్టేశాను. అవును, నేనే.

మర్నాడు అతను పిల్లలకు ఇరవై మార్కుల క్విజ్ పెట్టాడు. తర్వాత రిజిస్టరు తిప్పుతుంటే పక్కన నిలబడ్డ ఎనిమిదో తరగతి పిల్ల ఒక పేజీ మీద వేలు పెట్టింది. "సార్, ఈ ఆదివారం మీరు సున్నా ఏసినారు. శనివారం రాత్రి వాన పడింది. మా కొట్టం కారితే గొర్రెపిల్లల్ని ఇంట్లోకి తోలుకున్యాం. సోమవారం సీసాలో 22 ఉండె. ఇట్ల సున్నా ఏస్తే ఆ 22 ఆదివారం పడినట్లైతాది. ఖాళీగా ఉన్నిందే మేలు సార్."

నా మొహం ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. సున్నా అంటే వాన పడలేదని, ఖాళీ అంటే మనం చూడలేదని. డిగ్రీ చదివిన నాకు తట్టని తేడా ఆ పిల్లకు తట్టింది. తట్టడం ఒక ఎత్తు, బయటివాళ్ళ ముందు సారుని పట్టుకుని ఆ మాట అనడం ఇంకో ఎత్తు.

క్విజ్‌లో ఆ పిల్లకి నాలుగు మార్కులు. జీవవైవిధ్యం నిర్వచనం రాయలేదు. ఇరవైకి ఇరవై తెచ్చుకున్నవాడు చాక్లెట్ కాగితం వరండాలో పడేసి వెళ్ళాడు. ఆ కుర్రాడి ఫారంలో మొక్కలెన్ని, ఫోటోలెన్ని, హాజరెంత అనే గడులున్నాయి. ఈ పిల్ల చేసినదానికి గడి లేదు. చివర్లో "రికార్డు నిర్వహణ మెరుగుపడాలి" అని రాసి వెళ్ళాడు. అబద్ధం కాదు లెండి.

1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని పాఠంగా చెప్పమంది. మంచిదే. కానీ పాఠమయ్యాక మార్కులొచ్చాయి, మార్కులొచ్చాక గైడ్లొచ్చాయి. ఇంకో బాధ, జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినోత్సవం. ఆ రోజుకి మా బళ్ళు తెరవనే తెరవవు, వేసవి సెలవులు 11 దాకా. అయినా ఫోటో అప్‌లోడ్ చేయమంటారు. దగ్గర్లో ఇళ్ళున్న నలుగురు పిల్లల్ని పిలిచి, చేతికి మొక్కలిచ్చి నిలబెడతాం. జూన్ ఎండలో ఆ మొక్కకి నీళ్ళెవరు పోస్తారు? వచ్చే పెద్దమనుషులు "ప్లాస్టిక్ వద్దు" అని ఫ్లెక్సీ కూడా కట్టించుకొస్తారు.

మీరడిగిన సాయం సంగతికొస్తే, డబ్బు గురించి పెద్దగా దిగులు పడకండి. మా సీసా ఖర్చు ముప్పై రూపాయలు దాటలేదు. మాకు కావాల్సింది మొదలుపెట్టిన మూడో ఏడాది కూడా వచ్చి అడిగే మనిషి. నేను బదిలీ అయితే ఆ నోటుబుక్కు ఎవరి చేతికి వెళ్తుందో పట్టించుకునే మనిషి. వస్తే సోమవారం పొద్దున 8:30కి రండి, ముందు చెప్పకుండా. రిజిస్టరులో ఆదివారాలు చూడండి. మా దాంట్లో ఆ పిల్ల ఎర్ర పెన్నుతో కొట్టేసిన నా సున్నాలు ఇప్పటికీ ఉన్నాయి.