ట్యూబ్ వేసే ముందు ఆక్సిజన్: మాస్కా, అంబు బ్యాగా, బైపాపా?

ప్రశ్న: మాది దేవరకొండ వైపు చిన్న ఆసుపత్రి. పురుగుల మందు తాగినోళ్లు, ఆయాసంతో వచ్చేటోళ్లు ఎక్కువ. కొందరికి నల్లగొండ పంపేలోపే శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయాల్సి వస్తుంది. మాస్క్ పెట్టి సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 99 వచ్చాకే మొదలుపెడుతున్నాం. అయినా నిమిషం తిరక్కుండానే 80కి పడిపోతోంది. ఏ పద్ధతి మేలు? – ఒక స్టాఫ్ నర్సు

జవాబు: ఆ 99ని నమ్మకండి. వేలికి పెట్టిన క్లిప్పు రక్తం సంగతే చెబుతుంది, ఊపిరితిత్తుల్లో నిల్వ ఎంతుందో చెప్పదు. ఊపిరి వదిలాక కూడా పెద్దవాళ్ల ఛాతీలో రెండు లీటర్లకు పైగా గాలి మిగులుతుంది. అది మామూలు గాలైతే అందులో ఆక్సిజన్ అర లీటరు కూడా ఉండదు. ఒంటికేమో నిమిషానికి దాదాపు 250 మి.లీ. కావాలి. ఊపిరితిత్తుల్లోని నైట్రోజన్ అంతా బయటికి పోయి ఆక్సిజన్ నిండడానికి కనీసం 3 నిమిషాలు పడుతుంది. తలవైపు 20–30 డిగ్రీలు ఎత్తితే నిల్వ పెరుగుతుంది. ఖర్చు లేని ఈ పనే చాలాచోట్ల మరిచిపోతారు.

సంచీ ఉన్న మాస్క్‌కు నిమిషానికి 15 లీటర్లు పెట్టినా పక్కల నుంచి గది గాలి కలిసి 60–70 శాతమే అందుతుంది. ఫ్లోమీటర్ నాబ్ 15 గీత దాటి పూర్తిగా తిప్పితే 90 దగ్గరికి చేరొచ్చు. కానీ 1500 లీటర్ల బి-టైప్ సిలిండర్ 15 చొప్పున గంటా నలభై నిమిషాలు వస్తే, నాబ్ పూర్తిగా తిప్పి 50 చొప్పున పోతే అరగంటే. అంబులెన్స్‌కు వేరే సిలిండర్ ఉంచుకోండి.

అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి గాలి పంపే సంచీ) మాస్క్‌ను ముఖానికి ఎత్తిపట్టి 'ఆక్సిజన్ ఇస్తున్నాం' అనుకోవడం పెద్ద పొరపాటు. రోగి గట్టిగా పీల్చితే గానీ, మీరు నొక్కితే గానీ వాల్వ్ తెరుచుకోదు. ఒకరు రెండు చేతులతో మాస్క్ అదిమిపట్టాలి, ఇంకొకరు రోగి ఊపిరికి తగ్గట్టు మెల్లగా నొక్కాలి. పీప్ వాల్వ్ (ఊపిరి వదిలాక కూడా లోపల కొంత ఒత్తిడి నిలిపేది) ఉంటే 5తో మొదలుపెట్టండి.

ఆయాసంతో వచ్చినవారికి బైపాపే (బిగుతు మాస్క్‌తో ఒత్తిడిగా గాలి పంపే యంత్రం) మేలు. అమెరికాలో 1301 మందిపై జరిగి 2024లో వెలువడిన ప్రీఆక్సీ అధ్యయనంలో, సాచురేషన్ 85 కన్నా దిగినవారు మాస్క్‌తో 18.5 శాతం, బైపాప్ తరహా వెంటిలేషన్‌తో 9.1 శాతం. ఆక్సిజన్ 100 శాతం, ఊపిరి పీల్చేటప్పటి ఒత్తిడి కనీసం 10, వదిలేటప్పటి ఒత్తిడి కనీసం 5 పెట్టి 3 నిమిషాలు.

పురుగుల మందు కేసులకు మాత్రం బైపాప్ వద్దు. వాంతి, నోటినిండా చొంగ ఉన్నప్పుడు ఆ ఒత్తిడి అంతా లోపలికి తోసేస్తుంది. ముందు సక్షన్, అట్రోపిన్ (చొంగ తగ్గించే మందు), ఆ తర్వాతే మాస్క్. ట్యూబ్ వేస్తున్నంతసేపూ ముక్కు గొట్టంలో 15 లీటర్లు పోతుండాలి. దానికి రెండో ఫ్లోమీటర్ ముందే బిగించి పెట్టుకోండి.