పెన్సిల్వేనియాలో డీర్ హంటింగ్: కొత్తగా స్కౌటింగ్ మొదలుపెట్టేవాళ్లు ఏం చూడాలి?

మీ ప్రశ్న ఇది: "హారిస్‌బర్గ్ దగ్గర ఉంటాను. ఈ ఏడాదే హంటింగ్ లైసెన్స్ తీసుకున్నాను. వారాంతాల్లో స్టేట్ గేమ్ ల్యాండ్స్‌లో (వేటకు ప్రభుత్వం ఉంచిన అడవుల్లో) తిరుగుతున్నాను. ఎక్కడ చూసినా గిట్టల గుర్తులే, జింక మాత్రం కనపడదు. స్కౌటింగ్ అంటే అసలు ఏం చూడాలి?"

మీకు కనపడుతున్న గుర్తులు నిజమైనవే. కాకపోతే వాటిలో ఎక్కువ భాగం రాత్రిపూట పడినవి. పొలం అంచున, రోడ్డు పక్కన, పార్కింగ్ దగ్గరి గడ్డిలో కనిపించే జాడలు చాలావరకు చీకట్లో మేతకొచ్చిన జింకలవి. వేటకు చట్టం ఇచ్చిన వేళ సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే. కాబట్టి ఈ అడవిలో జింకలున్నాయా అని అడగడం వల్ల లాభం లేదు, ఉంటాయి. వెలుగున్నప్పుడు అవి ఎక్కడుంటాయి అన్నదే ప్రశ్న. నా దృష్టిలో స్కౌటింగ్ అంటే ఈ ఒక్కదానికి జవాబు వెతకడమే.

మాది నల్లమల పక్క ఊరు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నిషేధం, అది అలాగే ఉండాలి కూడా. అయితే జాడ చదవడం అనే విద్య ఒకటుందని చిన్నప్పుడే తెలుసు. అడవిలోకి పోయొచ్చే చెంచు పెద్దలు నేల చూసి ఏ జంతువు ఎటు పోయిందో చెప్పేవాళ్లు. ఇక్కడికొచ్చాక నాకు నేర్పింది మా పక్కింటి పెద్దాయన. పుట్టి పెరిగింది ఈ కొండల్లోనే. ఆయన మొదట చెప్పిన మాట, సీజన్ అయిపోయాక రమ్మని.

అందుకే మీక్కూడా అదే చెప్తాను. అసలైన స్కౌటింగ్ ఫిబ్రవరి చివర్లో, మార్చిలో. మంచు కరిగి, కొత్త చిగురు ఇంకా రాని ఆ కొన్ని వారాల్లో అడవి మొత్తం తెరిచి ఉంటుంది. నవంబరులో జింకలు వాడిన దారులు ఆకుల మధ్య గాడి పడ్డట్టు స్పష్టంగా కనిపిస్తాయి. పడకల మీదికి నేరుగా నడిచి వెళ్లినా నష్టం లేదు, సీజన్ నాటికి అవి మర్చిపోతాయి. అదే పని అక్టోబరులో చేస్తే ఆ చోటు చెడినట్టే. పైగా మార్చి నాటికి బక్‌లు (మగజింకలు) కొమ్ములు రాల్చేస్తుంటాయి. రాలిన కొమ్ము దొరికిందంటే, ఆ జింక సీజన్ దాటి బతికిందని రుజువు దొరికినట్టు.

అడవికి వెళ్లే ముందు మ్యాప్ చూడండి. ఆన్‌ఎక్స్ లాంటి మ్యాప్ యాప్ ఉన్నా సరే, నేల ఎత్తుపల్లాలు చూపే యూఎస్‌జీఎస్ టోపో మ్యాప్ ఉన్నా సరే. మీ ప్రాంతంలో కొండలు నైరుతి నుంచి ఈశాన్యానికి పొడుగ్గా సాగుతాయి. ఆ వరుసలో ఎక్కడైనా శిఖరం కాస్త కిందికి దిగి కనుమలా ఉంటే, జింకలు అటూ ఇటూ దాటేది దాదాపు అక్కడే. వాలు మధ్యలో కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) దూరం దూరంగా జరిగాయంటే అక్కడ చదునైన మెట్టు ఉందని అర్థం. ఆ మెట్టు వెంబడి నడవడం జింకకు సులువు. చెట్లు కొట్టేసి మూడు నాలుగేళ్లయి మళ్లీ గుబురుగా పెరుగుతున్న చోట్లు ఉపగ్రహ చిత్రంలో వేరే రంగులో తెలుస్తాయి. మేతా దాపూ ఒకేచోట దొరికే అలాంటి చోటును వదలొద్దు.

ఇక నేల మీద ఏం చూడాలో చెప్తాను. మొదట మేత. ఓక్ చెట్లను గుర్తుపట్టడం నేర్చుకోండి, మిగతా చెట్లు తర్వాత. ఆకు అంచులు గుండ్రంగా ఉంటే వైట్ ఓక్, మొనలు సూదిగా ఉంటే రెడ్ ఓక్. వైట్ ఓక్ కాయలో వగరు తక్కువ, రాలిన వెంటనే జింకలు వాటికే వస్తాయి. రెడ్ ఓక్ కాయలు చేదు, అవి చలికాలం దాకా నేల మీద మిగిలి ఉంటాయి. కాబట్టి సెప్టెంబరు, అక్టోబరులో ఏ వైట్ ఓక్ కాయ రాలుస్తోందో తెలిస్తే సగం పని అయినట్టే. అన్ని చెట్లూ ప్రతి ఏడూ కాయవు, అది ఏటా వెళ్లి చూసుకోవాల్సిందే.

కొమ్మల కొసలు కూడా దగ్గరగా పట్టుకుని చూడండి. ఆవుకీ మేకకీ లాగే జింకకు పై ముందుపళ్లు ఉండవు. అందుకని కొమ్మను తెంపినప్పుడు కొస చీలికలు చీలికలుగా, పీచు లేచి ఉంటుంది. కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినంత నున్నగా ఉంటుంది. చీలిన చోట లోపల ఇంకా పచ్చగా తడిగా ఉంటే జింక వచ్చివెళ్లి ఎంతోసేపు కాలేదు. పెంటికలైనా అంతే: తాజావి నల్లగా మెరుస్తాయి, పాతవి వెలిసి పొడిబారతాయి. నేలంతా ఫెర్న్ తివాచీలా పరుచుకుని, కింద మొలకలేవీ లేకపోతే అక్కడ జింకలు తినగలిగిందంతా తినేశాయని గ్రహించండి. హే సెంటెడ్ ఫెర్న్‌ను అవి ముట్టవు.

తర్వాత పడకలు. నా అనుభవంలో అన్నిటికన్నా విలువైనది ఇదే, కొత్తవాళ్లు తక్కువగా వెతికేది కూడా ఇదే. ఆకులు నొక్కుకుపోయిన కోడిగుడ్డు ఆకారపు గుంట, అందులో బూడిదరంగు బిరుసు వెంట్రుకలు. చిన్నా పెద్దా పడకలు నాలుగైదు దగ్గర దగ్గరగా ఉంటే ఆడజింకలూ పిల్లలూ. ఒంటరిగా, నాలుగడుగుల దాకా పొడవున్న పడక, పక్కనే కొమ్ములతో గీకిన చెట్టు ఉంటే అది మగది. ఇక్కడి కొండల మీద మౌంటెన్ లారెల్ పొదలు చలికాలంలోనూ పచ్చగా ఉంటాయి, పగలు దాక్కోవడానికి జింకలకు అవి బాగా ఇష్టం. గాలి ఎక్కువగా పడమర, వాయవ్యం నుంచి వీస్తుంది. కాబట్టి తూర్పు, ఆగ్నేయం వైపు వాలులో, పై మూడో వంతులో వెతకండి. వెనక నుంచి వచ్చేవాణ్ణి గాలి పసిగట్టిస్తుంది, ముందునుంచి వచ్చేవాడు కంటికి కనపడతాడు, చలికాలం పొద్దుటి ఎండా అటే పడుతుంది. పడక కనిపించగానే అక్కడ కూర్చోండి, జింక తల ఎత్తు నుంచి చుట్టూ చూడండి. ఎటునుంచి వస్తే మీరు దొరికిపోతారో అప్పుడు తెలుస్తుంది.

గాలి గురించి ఇంకొంచెం. కొండల్లో ఫోన్ చెప్పే గాలి ఒకటి, లోయలో నిజంగా కదిలే గాలి మరొకటి. పొద్దెక్కి నేల వేడెక్కితే గాలి వాలు వెంట పైకి లేస్తుంది, సాయంత్రం చల్లబడితే కిందికి జారుతుంది. దాన్ని కంటితో చూడాలంటే మిల్క్‌వీడ్ దూది జేబులో పెట్టుకోండి. మన జిల్లేడు కుటుంబానిదే ఆ మొక్క, కాయ పగిలితే అదే దూది. ఒక్కో పీచును వదిలి అది ఎటు పోతుందో చూపు ఆనేంతవరకు చూస్తూ ఉండండి. తిన్నగా వెళ్తుందనుకున్నది వంద గజాల తర్వాత పక్క లోయలోకి తిరిగిపోవడం చూస్తే, ఆ చోట కూర్చుంటే జింక ఎందుకు రాదో మీకే అర్థమవుతుంది.

రబ్‌లు (బక్ కొమ్ములతో చెట్టును గీకిన గుర్తులు), స్క్రేప్‌లు చూడగానే కొత్తవాళ్లకు ఉత్సాహం వస్తుంది. తప్పు లేదు, కానీ వాటిని చదవాలి. చెట్టుకు ఏ వైపు బెరడు లేచిందో చూస్తే బక్ ఎటునుంచి వచ్చిందో తెలుస్తుంది. అలాంటి రబ్‌లు వరుసగా మూడు నాలుగు కనిపిస్తే అది దాని దారి. స్క్రేప్ అంటే కాలితో ఆకులు తోసి గీసిన మట్టి, దాని పైన నోటికందే ఎత్తులో నమిలిన కొమ్మ. ఆ కొమ్మకు నుదురు, కంటి దగ్గరి గ్రంథుల వాసన రాస్తాయి, ఒక్కటి కాదు, చాలా జింకలు. స్క్రేప్‌కు రావడం మాత్రం చాలావరకు రాత్రిపూటే. కాబట్టి పొలం అంచున ఉన్న స్క్రేప్ మీద ఆశ పెట్టుకోకండి. పడకకు దగ్గరగా, దట్టంలో ఉన్నదాన్ని గుర్తుపెట్టుకోండి. నవంబరు మధ్యలో ఆడజింకలు ఎదకొస్తాయి, అప్పుడు బక్‌లు పగలు కూడా తిరుగుతాయి. ఆ రోజుల్లో ఆడజింకల పడకలకు గాలివాటు దిగువన ఉన్న దారులు మంచివి.

గేమ్ ల్యాండ్స్‌లో ఇంకో సంగతి, మనుషుల జాడ. థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం రైఫిల్ సీజన్ మొదలవగానే అడవి నిండా జనం ఉంటారు. వాళ్లు ఎక్కడ బండి ఆపుతారు, ఏ కాలిబాటలో వెళ్తారు, ఎంత దూరంలో ఆగుతారు అన్నది కూడా మార్చిలోనే చూసుకోండి. వేటగాళ్లు చెట్టెక్కి కూర్చునే పాత ట్రీ స్టాండ్లు, చెట్లకు కట్టిన రిబ్బన్లు అన్నీ చెప్తాయి. అందరూ మైలు దూరం నడవమంటారు. నాకైతే రోడ్డుకు దగ్గరగా ఉండీ ఎవరూ అడుగుపెట్టని బురద మూలలు, ముళ్ల పొదలు కూడా అంతే మంచి చోట్లు.

కొన్ని జాగ్రత్తలు. మార్చిలోనే డీర్ టిక్స్ (పిడుదులు) తిరుగుతాయి, ఈ రాష్ట్రంలో వాటి కాటుతో వచ్చే లైమ్ జబ్బు బాగా ఎక్కువ. బట్టలకు పెర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టుకోండి, ఇంటికి రాగానే ఒళ్లంతా వెతుక్కోండి, మోకాళ్ల వెనక, తలలో కూడా. చెట్లకు ఊదా రంగు గీతలుంటే అది ప్రైవేటు స్థలం, 2020 నుంచి ఆ రంగు నో ట్రెస్‌పాసింగ్ బోర్డుతో సమానం. సీజన్లో స్కౌటింగ్‌కు వెళ్లినా మిగతా వేటగాళ్లకు కనపడేలా ఆరెంజ్ రంగు వేసుకోండి. సీడబ్ల్యూడీ (జింకలకు వచ్చే ప్రాణాంతకమైన మెదడు జబ్బు) ఉన్న ప్రాంతాలను రాష్ట్ర వేట శాఖ అయిన గేమ్ కమిషన్ మ్యాప్‌లో గుర్తించింది, అక్కడ కొట్టిన జింక తల, వెన్నెముక బయటికి తేవడం మీద నిబంధనలున్నాయి, ముందే చూసుకోండి. మీరు హెచ్1బీ మీద ఉంటే తుపాకీ విషయంలో ఫెడరల్ చట్టం ఇచ్చే మినహాయింపు ఆ హంటింగ్ లైసెన్స్ మీదే ఆధారపడింది. దాని గడువు దాటనివ్వకండి.

మనవాళ్లు కొందరు "పాపం కదా" అంటారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఇక్కడ జింకల్ని తినే తోడేళ్లు, కూగర్లు (పెద్ద అడవి పిల్లులు) ఎప్పుడో అంతరించాయి. జింకలు పెరిగిపోయిన చోట కొత్త చెట్టు మొలవదు. తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్నుతో, 1937 నాటి చట్టం ప్రకారం, వన్యప్రాణుల పనులు జరుగుతాయి. ఇవన్నీ తెలిశాకే నేను దిగాను. తెచ్చిన మాంసంలో ఒక్క ముక్క కూడా పారేయను.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే, గేమ్ ల్యాండ్ మొత్తం తిరగడం మానండి. ఒక కొండవాలు ఎంచుకుని దాన్ని క్షుణ్ణంగా నడవండి: పడకలు, వాటి నుంచి ఓక్‌ల వైపు వెళ్లే దారి, మీరు గాలికి దొరక్కుండా రాగలిగే తోవ. ఈ మూడూ ఒకే మ్యాప్ మీద గుర్తు పెట్టండి. ఏ గేమ్ ల్యాండో ఇక్కడ అందరికీ కనపడేలా రాయకండి, నాకు మెసేజ్ పెట్టండి. మ్యాప్ చూసి ఎక్కడ మొదలుపెట్టొచ్చో చెప్తాను.