ఉపగ్రహ చిత్రంలో సముద్ర గడ్డి మాయమైతే, నిజంగా పోయినట్టేనా?

పులికాట్ సరస్సులో నీటి నాణ్యతను, సముద్ర గడ్డి తరుగుదలను ఉచిత ఉపగ్రహ చిత్రాలతో ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా చేయవచ్చా అని అడిగారు. సగం చేయవచ్చు. ఏ సగమో చివర్లో చెబుతాను.

నేను పనిచేసింది తమిళనాడు వైపు, పాక్ అఖాతం మీద. మన దేశంలోని సముద్ర గడ్డిలో అత్యధిక భాగం అక్కడా, పక్కనే ఉన్న మన్నార్ సింధుశాఖలోనూ ఉంది. దాన్ని మేసి బతికే డుగాంగుల (సముద్రపు ఆవుల) కోసం 2022లో 448 చదరపు కిలోమీటర్ల సంరక్షణ ప్రాంతాన్ని ప్రకటించారు. మా బృందంలో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చూపించేది ఆ అఖాతం ఒడ్డునున్న తొండి తీరం చిత్రాలు. మార్చి చిత్రంలో ఒడ్డు పొడవునా ముదురు రంగు పట్టీ కనిపిస్తుంది. అదే చోటు డిసెంబరు చిత్రంలో లేత గోధుమ రంగులో బోసిగా ఉంటుంది. గడ్డంతా పోయిందంటారు అందరూ. అప్పుడు మరుసటి మార్చి చిత్రం తెరుస్తాను. పట్టీ ఎక్కడిదక్కడే ఉంటుంది. ఈశాన్య రుతుపవనాలకు అడుగు బురద లేచి నీళ్లు కలకబారాయి, అంతే.

అసలు చిక్కు ఇదే. ఉపగ్రహానికి అందేది గడ్డి కాదు, నీళ్లలోంచి పైకి తిరిగొచ్చిన వెలుతురు. నీటి పైన పడే వెలుతురులో సుమారు పదో వంతు అయినా అడుగుకు చేరకపోతే చాలా రకాల సముద్ర గడ్డి బతకదు. దాన్ని చంపే కలకే దాన్ని మన కంటికి కనపడకుండానూ చేస్తుంది. కాబట్టి ఒక్క చిత్రాన్ని చూసి గడ్డి తగ్గిందని ఎవరైనా రాస్తే నేను నమ్మను. ఒకే రుతువులో, తేట నీళ్లున్న రోజుల చిత్రాలను ఏటేటా పోల్చాలి. పాక్ అఖాతానికైతే ఫిబ్రవరి, మార్చి మంచివి. ఆ తర్వాత సూర్యుడు నడినెత్తికి వచ్చేకొద్దీ నీటి మీది తళుకు చిత్రాన్ని పాడుచేస్తుంది.

పొలాల్లో పచ్చదనాన్ని కొలవడానికి వాడే ఎన్‌డీవీఐ సూచిక ఇక్కడ పనికిరాదు. దానికి కావలసిన పరారుణ కాంతిని నీళ్లు మీటరు లోతులోపే దాదాపు మింగేస్తాయి. ఎరుపు కూడా రెండు మూడు మీటర్లకు మించి దిగి తిరిగి రాదు. అడుగును చూపించేవి నీలం, ఆకుపచ్చ కాంతులే. అయితే ఎరుపును పారేయకండి. నాలుగైదు మీటర్ల లోతున్న చోట ఎరుపు కాంతి చిత్రం వెలుగుతూ కనిపిస్తే అది అడుగు కాదు, నీళ్లలో తేలే మట్టి. ఆ భాగాన్ని లెక్కలోంచి తీసేయవచ్చు. మాకు బాగా అక్కరకొచ్చిన ఉపాయం ఇదే.

చిత్రాలకు యూరప్ వారి సెంటినల్-2 ఉపగ్రహాలు చాలు. 10 మీటర్ల స్పష్టత, అంటే చిత్రంలో ఒక్కో గడి 10 మీటర్లు; జంట ఉపగ్రహాలు కలిసి ఐదు రోజులకోసారి వస్తాయి. పాత కాలానికి 1980ల నుంచి 30 మీటర్ల అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి, 2008 నుంచి అవి ఉచితం. సముద్రం మీద ఉపగ్రహానికి చేరే వెలుతురులో సుమారు 90 శాతం గాలి నుంచి చెదిరినదే. దాన్ని తీసేసి చిత్రాన్ని దిద్దాలి. అందుకే నేల కోసం దిద్దిన చిత్రాలను కాక, బెల్జియంలో నీటి కోసమే తయారుచేసిన అకొలైట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దిద్దినవి వాడండి.

నీటి నాణ్యత విషయంలో మాత్రం ఆశ తగ్గించుకోండి. నీటికి రంగు తెచ్చేవే కనిపిస్తాయి: క్లోరోఫిల్, తేలే మట్టి, కుళ్లిన ఆకుల నుంచి దిగే పసుపు రంగు. నైట్రేట్, ఫాస్ఫేట్, కరిగిన ఆక్సిజన్ రంగుగా కనిపించవు. వాటికి సీసాలో నీళ్లు పట్టాల్సిందే.

మరొకటి, ముదురు మచ్చ అంతా గడ్డి కాదు. నాచూ, కొట్టుకొచ్చి పేరుకున్న ఎండు ఆకులూ అలాగే కనిపిస్తాయి. దిగి చూడాలి, లేదా జాలరులను అడగాలి. వలకు చిక్కే ఆకును బట్టి ఏ చోట ఏది పెరుగుతుందో వాళ్లు చెప్పగలరు. మా పటాల్లో నాచును గడ్డి నుంచి వేరు చేసింది ఎక్కువగా వాళ్లే.

ఇక పులికాట్. ఈ సరస్సుకూ సముద్రానికీ మధ్యనున్న శ్రీహరికోట నుంచే 2022 నవంబరులో సముద్రపు రంగును చూసే ఇస్రో ఉపగ్రహం ఓషన్‌శాట్-3 ఎగిరింది. తమాషా ఏమిటంటే, దాని చిత్రంలో ఒక్కో గడి 300 మీటర్లకు పైమాటే, సరస్సు అంచులకు అది సరిపోదు. సరస్సు చాలా చోట్ల మీటరు లోతే. కాస్త గాలి వీస్తే అడుగు బురద పైకి లేస్తుంది. ఉత్తర భాగం ఎండాకాలంలో చాలా వరకు ఎండిపోతుంది. అక్కడ ఎన్నేళ్ల చిత్రాలు పేర్చినా గడ్డి లెక్క తేలడం కష్టం. కలక లెక్క మాత్రం సెంటినల్‌తో చక్కగా వస్తుంది. మీ ప్రాజెక్టుకు పులికాట్‌లో కలకను నెలవారీగా కొలవండి. ఉపగ్రహం వచ్చే రోజు ఉదయం పదిన్నర ప్రాంతంలో పడవ మీద నుంచి సెక్కీ పళ్లెం (ఎంత లోతు వరకు కనిపిస్తుందో చూసి నీటి తేటను కొలిచే పళ్లెం) దించి, ఆ కొలతలతో సరిచూసుకోండి. గడ్డే కావాలంటే చోటు మార్చి పాక్ అఖాతం తీసుకోండి.